చింతపండుతో తోమిన కెమెరా

ఆ రోజుల్లో మా వైపు మనిషికి జన్మకొక ఫోటో ఉంటే గొప్ప. అది కూడా చాలామందికి ప్రాణం పోయాకే తీసేవాళ్ళు. కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో దండ వేసి, తల వాలిపోకుండా వెనకనుంచి ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు. (కెమెరా ముందు కదలకుండా కూర్చోగలిగేది వాళ్ళొక్కరే కనుక ఆ ఫోటోలు మహా స్పష్టంగా వచ్చేవి.) బతికున్నవాడు ఫోటో దిగితే ఆయుష్షు తరుగుతుందని మా అవ్వకు గట్టి నమ్మకం. అలాంటి అవ్వ ఏలుతున్న ఇంట్లో ఉంటూ నాకు కెమెరా పిచ్చి పట్టింది. ఎలా పట్టిందంటే చెప్పలేను. మా నాయన చిత్తూరులో ఒక వకీలు దగ్గర గుమాస్తా. సెలవులకు అక్కడికి పోయినప్పుడల్లా పక్క వీధిలో ఉన్న పాత ఫోటో స్టూడియో గడప పట్టుకుని వేలాడేవాణ్ణి. ఆ స్టూడియో ఆయన్ని ఊళ్ళో అందరూ నల్లగుడ్డాయన అనేవాళ్ళు, సగం రోజు ఆ నల్లగుడ్డ కిందే ఉండేవాడు కనుక. ఆయన ఫోటో పడే గాజు ప్లేట్లు కడుగుతుంటే చూసి చూసి, నాకూ అన్నీ వచ్చేసినట్టే అనుకున్నాను. పద్దెనిమిదేళ్ళ వయసులో చూసిన పనంతా వచ్చిన పనే.

చదువు కోసం నన్ను తిరుపతిలో మా అమ్మ పుట్టింట్లో ఉంచారు. ఆ ఇంట్లో తాత, అవ్వ, మామ. తాత కోవెలలో ఆళ్వారులనే భక్తకవుల పాటలు చదివే ప్రబంధ గోష్ఠికి పోయే మనిషి. మేము తెంగలై వైష్ణవులం. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, వైష్ణవుల్లో తెంగలై, వడగలై అని రెండు శాఖలున్నాయి. దేవుడు ఒకడే, నామమే వేరు. తెంగలై నామంలో రెండు తెల్లగీతలు కలిసిన చోట ముక్కు మీదికి దిగే చిన్న పాదం ఉంటుంది. వడగలై నామానికి ఆ పాదం ఉండదు, గిన్నె అడుగులాగా గుండ్రంగా ముగుస్తుంది. వేలి కణుపంత కూడా ఉండని ఆ పాదం కోసం మా పెద్దలు కోర్టులదాకా పోయినవాళ్ళు. తాత అయితే ఎదుటి మనిషి కళ్ళలోకి చూసేముందు ముక్కు మొదలు చూసేవాడు, ఆ తర్వాతే పలకరింపు.

అలాంటి తాతకు కొడుకు మా మామ. ఎలిమెంటరీ బళ్ళో పంతులు. కాస్త షోకిలా. తాత ఎదురుగా నిండు నామంతో బయల్దేరి, వీధి మలుపు తిరగ్గానే తడి చేతిరుమాలుతో తెల్లగీతలు తుడిచేసి, నడిమి ఎర్రగీత ఒక్కటి మిగుల్చుకుని బడికి పోయేవాడు. సాయంత్రం అదే మలుపులో నిలబడి, చిన్న అద్దం చూసుకుంటూ మళ్ళీ పెట్టుకునేవాడు. (ఆ అద్దం పట్టుకునేవాణ్ణి నేను.) ముప్పై దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు. వచ్చిన ప్రతి సంబంధానికీ ఏదో ఒక వంక పెట్టడమే అందుకు కారణం. చివరికి ఒకరోజు రేణిగుంట స్టేషన్లో ఒక అమ్మాయి కాఫీ అమ్మేవాణ్ణి నిలబెట్టి కడిగేస్తూ కనబడింది. "ఇది కాఫీనా, గ్లాసులు కడిగిన నీళ్ళా? మా నాయనకు ఇదా ఇచ్చేది? ముందు నువ్వు తాగి సూపీ!" అంటున్నదట. వాడు నిజంగానే తాగాడట. ఆ గొంతుకు మా మామ పడిపోయాడు. ఇంటికొచ్చి రెండు పూటలు అన్నం సరిగ్గా తినకపోతే అవ్వ దిష్టి తీసింది.

వాకబు చేస్తే ఆ అమ్మాయిది పుత్తూరు. మన శాఖే, గోత్రం కుదిరింది, నక్షత్రాలు కుదిరాయి. విరిగిన ఎముకలు అతికించే ఊరు కదా, మా వాడి పెళ్ళి కూడా అక్కడే అతుకుతుందని అవ్వ సంబరపడింది. కానీ ఆ పిల్లకు తాత ఒకాయన ఉన్నాడు. పుత్తూరు పెద్దాయన. ఇల్లు ఆయన మాట మీద నడుస్తుంది. అంతకుముందు ఒక పిల్లవాడు నిండు నామంతో పెళ్ళిచూపులకు వచ్చి పోయాడట. వారం తిరక్కుండా అదే పిల్లవాణ్ణి మద్రాసులో బోసి నుదురుతో, క్రాపు తలతో ఎవరో చూశారట. దాంతో పెద్దాయన కొత్త నియమం పెట్టాడు. మనిషికంటే ముందు ఫోటో రావాలి. ఫోటో నచ్చితేనే పెళ్ళిచూపులు. పిల్ల తండ్రి ఆ మాట మోసుకొచ్చాడు.

"మా నాయన ఏమంటాడంటే, ఎదురుగా వచ్చినప్పుడు ఎవుడైనా యేసం కట్టొచ్చు, ఫోటో మాత్రం అబద్ధం జెప్పదు అంటాడు. మొహం మీద నామం, దానికి పాదం బాగా అగుపించాల. శుక్రవారం నేనే వొచ్చి తీసకపోతాను" అన్నాడాయన.

"అదెంత పని!" అన్నాడు తాత. ఎంత పనో మర్నాడు తెలిసింది. యుద్ధం రోజులు. తిరుపతిలో ఉన్న ఒకే ఒక స్టూడియోకు పోతే, మద్రాసునుంచి ప్లేట్లు వచ్చి చాలా కాలమైందనీ, ఎప్పుడొస్తాయో తెలియదనీ అక్కడి ఆయన చేతులెత్తేశాడు. మామ మొహం మాడిపోయింది. అప్పుడు నేను గొంతు సవరించుకుని, నల్లగుడ్డాయన స్టూడియో మూసేసి వేలూరులో కూతురి దగ్గరికి పోతున్నాడనీ, ఆయన దగ్గర ఒక కెమెరా, మిగిలిపోయిన ప్లేట్లు ఉన్నాయనీ, అవి తెస్తే ఫోటో నేనే తీసిపెడతాననీ అన్నాను. మామ నన్ను తల నుంచి కాళ్ళదాకా చూశాడు.

"నీకు వస్తాదా?"

"నిద్రలో తీయమన్నా తీస్తాను మామా."

ఆశ పడ్డవాడికి అల్లుడు కూడా గురువే. మర్నాడే మామ తన సైకిలును చిత్తూరు బస్సు పైకెక్కించాడు. ఇద్దరం కింద కూర్చున్నాం. అది బొగ్గు బస్సు. పెట్రోలు కరువు కనుక వెనక కొలిమిలాంటి పీపా కట్టుకుని, బొగ్గు మండిస్తే వచ్చే గ్యాసుతో దగ్గుకుంటూ నడిచేది. పూతలపట్టులో ఆగి పది నిమిషాలు రొప్పింది. చిత్తూరులో దిగేసరికి మా ఇద్దరి మొహాలూ ఒకటే రంగు.

పాత కెమెరా కొనడమంటే ఎద్దును కొనడంలాంటిది. పళ్ళు పట్టి చూడాలి, నడిపించి చూడాలి, అమ్మేవాడి మాట మాత్రం వినకూడదు. నేను పెద్ద గిరాకీలాగా ముందు కెమెరా మడతల తోలుతిత్తిని సాగదీశాను. నల్లగుడ్డ కింద తల దూర్చి, తిత్తి లోపలికి చూశాను. చిమ్మచీకటిగా ఉండాల్సిన చోట నక్షత్రాలు మెరుస్తున్నాయి.

"పెద్దాయనా, తిత్తికి బొక్కలుండాయే!"

"అవి గాలి ఆడేదానికప్పా" అన్నాడు నల్లగుడ్డాయన, కన్ను ఆర్పకుండా. "లోపల ఉబ్బరిస్తే ప్లేటు చెడిపోతాది గదా."

తర్వాత లెన్సు. బొటనవేలంత మందాన ఇత్తడి గొట్టం, ముందొకటి వెనకొకటి అద్దాలు. కిటికీకి ఎత్తి పట్టి చూశాను. ఊది చూశాను. గోడ మీదికి తిప్పితే వీధిలో పోతున్న ఎద్దులబండి తలకిందులుగా, ఎద్దు కొమ్ములతో సహా గోడ మీద నడిచిపోయింది. మామ నోరు తెరిచాడు. అద్దాల మీద గీత లేదు, మరక లేదు. గొట్టం లోపలంతా కాటుక పూసినట్టు నల్లగా ఉంది. వేలు పెట్టబోతే నల్లగుడ్డాయన నా చెయ్యి తట్టాడు.

"దాన్ని ముట్టుకోబాక. ఆ నలుపే దీనికి ప్రాణం. లోపల ఎలుతురు గంతులెయ్యకుండా పట్టి కూసోబెట్టేది అదే."

తిత్తి బొక్కలు గాలికోసమన్న మనిషి నోటినుంచి వచ్చిన మాట కనుక, నేను దీన్ని కూడా అదే లెక్కలో వేసుకున్నాను. ప్లేట్లు విడిగా ఇమ్మని మామ బతిమాలాడు. "ఆవును కొంటేనే దూడ" అన్నాడాయన. చివరికి మామ సైకిలు వెల కింద అక్కడ ఆగిపోయి, కెమెరా, ముక్కాలిపీట, సగం డబ్బా ప్లేట్లు, కడిగే మందులు, ఫోటో దింపే అచ్చుకాగితం కొంత మాతో వచ్చాయి. తిరుగు బస్సులో మామ ఆ కెమెరాను పసిబిడ్డలాగా ఒళ్ళో పెట్టుకున్నాడు. పూతలపట్టు దాటాక, "ఒరే, ఇది గానీ పన్జెయ్యకపోతే నేను నడిచి బడికి పోవాల, పెళ్ళి లేకుండా ముసిలోణ్ణి గావాల. గుర్తుపెట్టుకో" అన్నాడు. నేను నవ్వాను కానీ ముక్కాలిపీటను ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాను.

ఇంటి గడప దగ్గర అవ్వ అడ్డం నిలబడింది. "ఏందిరా అది? తోలుదా? నా వంటింట్లో పెరుమాళ్ళుండాడు, చచ్చిన గొడ్డు తోలు లోపలికి తెస్తావా?" అని కెమెరాను పశువుల కొట్టానికి తరిమేసింది. ఇత్తడి గొట్టాన్ని మాత్రం తిప్పి తిప్పి చూసి, "ఇత్తడికి మైల లేదులే" అని లోపలికి రానిచ్చింది. కొట్టంలో ఆవు పక్కనే కూర్చుని, మామ పాత గొడుగు గుడ్డ కోసి, తిత్తి బొక్కలకు జిగురుతో అతికించాను. ఆ గొడుగు పాతది కాదని మామ ఆ తర్వాత వానాకాలమంతా అంటూనే ఉన్నాడు. లెన్సులో అద్దాలు రెండూ ఊడదీసి, తాత మెత్తటి పాతపంచె ముక్కతో తుడిచి, గూట్లో పెట్టుకున్నాను. ఖాళీ గొట్టాన్ని దుమ్ము దులిపి బావి చప్టా మీద ఆరబెట్టి, స్నానానికి పోయాను.

వచ్చి చూస్తే గొట్టం లేదు. చప్టా అంతా వెతికాను. చివరికి పెరుమాళ్ళ గూట్లో పంచపాత్ర పక్కన, తీర్థపు చెంబు పక్కన, బంగారంలాగా ధగధగమంటూ కూర్చుని ఉంది. అవ్వ చింతపండూ బూడిదా పెట్టి తోమేసింది.

"అవ్వా! ఇదేంది?"

"నువ్వొకటి, మీ మామ ఒకడు! లోపలంతా మసిపట్టి అట్లే ఉంటే సూస్కోకుండా పెడతారా? పీచు జుట్టి, పుల్లబెట్టి తోమితే గానీ వొదల్లేదు. సూడిప్పుడు, మొహం సూసుకోవొచ్చు" అంది, ఎంతో గర్వంగా.

నిజంగానే మొహం చూసుకోవచ్చు. గొట్టం లోపల నలుపు రవ్వంత మిగల్లేదు. నల్లగుడ్డాయన మాట గుర్తొచ్చింది. కానీ బొక్కలు గాలికోసమని చెప్పిన మనిషి కదా, నలుపు ప్రాణమన్నది కూడా అలాంటిదేలే అని సర్దుకున్నాను. పైగా ఆ తళతళ చూస్తుంటే కెమెరా కొత్తదైపోయినట్టు నాకు లోలోపల ముచ్చటేసింది కూడా. అద్దాలు బిగించాను.

గురువారం పొద్దున పెరట్లో ఎండ చక్కగా పడగానే ముహూర్తం. తాత స్వయంగా తిరుమణి, అంటే నామాలకు వాడే తెల్లమన్ను, అరచేతిలో రంగరించి మామ నుదుట నామం దిద్దాడు. పాదం దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టి, ముక్కు మొదట్లో చిన్న ఆకులాగా తీర్చి, "ఇదీ!" అన్నాడు. మామ స్టూలు మీద కూర్చున్నాడు. అవ్వ ఆయుష్షు సంగతి గుర్తుచేసుకుని కళ్ళొత్తుకుంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసి వచ్చింది. నేను నల్లగుడ్డ కింద ఉండగా, తనకూ చూపించమని పట్టుబట్టింది. చూసి కెవ్వుమంది. "నా బిడ్డ తలకిందులుగా వేలాడతా ఉండాడు గదరా! దించురా, దించు!" అని నా వీపు మీద గుద్దింది. కెమెరాలో అట్లాగే కనిపిస్తుందని చెప్పడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో ఎండ నేరుగా మామ ముక్కు మీదికి వచ్చింది.

ప్లేట్లు తీశాను. కడగడానికి చీకటిగది అంటే మా ఇంట్లో కిటికీ లేని ధాన్యం గది ఒక్కటే. అవ్వ పాత ఎర్రచీర ముక్క లాంతరుకు చుట్టి, వడ్లబస్తాల మధ్య పళ్ళేలు పరుచుకుని కూర్చున్నాను. సగం డబ్బాలో చాలావరకు పాతబడి మసకబారిన ప్లేట్లే. ఒకటి పందికొక్కుకు బెదిరి చేతిలోంచి జారి పగిలింది. ఒక్కటి మాత్రం నీళ్ళలో తేటగా పైకి లేచింది. మామ ఆకారం, పిలక, పంచె అంచు అన్నీ ఉన్నాయి. గదిలోంచి "వచ్చేసింది మామా!" అని అరిచాను. బయట మామ తలుపును ముద్దుపెట్టుకున్నంత పని చేశాడు.

శుక్రవారం పొద్దున ఎండలో పెట్టి అచ్చుతీశాను. కాగితం మెల్లగా రంగు తిరిగింది. మామ నా భుజం మీదినుంచి చూస్తున్నాడు. మొహమంతా ఏదో మంచు పట్టినట్టు తెల్లని మెరుపు. అందంగానే ఉంది. నుదుటి మీద రెండు తెల్లగీతలు ఉన్నాయి. కింద గుండ్రంగా కలిశాయి. ఆ తర్వాత ఏమీ లేదు. ఎండపడిన ముక్కు మీద మెరుపంతా పరుచుకుని, తాత ఊపిరి బిగబట్టి దిద్దిన పాదాన్ని మింగేసింది.

మామ తన ముక్కును వేలితో తడిమి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా, "అల్లుడా, నన్ను వడగలై జేసినావు గదరా!" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నల్లగుడ్డాయన చెప్పింది. తళతళలాడే గొట్టంలో వెలుతురు గంతులేసింది. ఎవరూ పట్టి కూర్చోబెట్టలేదు. బొక్కల విషయంలో అబద్ధం చెప్పిన మనిషి నలుపు విషయంలో నిజం చెబుతాడని ఎవరనుకుంటారు?

"ఇది మా నాయన సూస్తే మనిద్దరినీ ఇంట్లోంచి తరుముతాడు. పుత్తూరాయన సూస్తే..." మామ అచ్చును బోర్లా తిప్పి పెట్టాడు. గొంతు తగ్గించి, "ఆ పిల్ల ఇంకొకరింటికి పోతాదిరా" అన్నాడు. ఎప్పుడూ నవ్వించే మనిషి అలా అంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. మళ్ళీ తీయడానికి ప్లేటు లేదు. పిల్ల తండ్రి మధ్యాహ్నం బండికి వచ్చేస్తాడు. మిగిలినది అచ్చుకాగితం ఒక్క ముక్క.

అప్పుడు నాకో ఉపాయం తట్టింది. నెగటివు మీద నల్లది అచ్చులో తెల్లనవుతుంది. అంటే ప్లేటు మీద పెన్సిలుతో పాదం గీస్తే, ఫోటోలో తెల్లగా దిగుతుంది. నల్లగుడ్డాయన పెళ్ళికూతుళ్ళ మొహాల మీద స్ఫోటకపు మచ్చలు అట్లాగే మాయం చేయడం ఎన్నోసార్లు చూశాను. గుగ్గిలం కలిపిన వార్నీషు కాస్త పూసి, పెన్సిలు ముక్కును సూదిలాగా చెక్కి, ధాన్యం గది గడప దగ్గర ప్లేటును వెలుగుకు పట్టుకుని కూర్చున్నాను. మామ ఊపిరి నా చెవిలో పడుతోంది.

"కనిపిస్తా ఉందా?"

"లేదు మామా. ముక్కు ముందే నల్లగా ఉండాది. నలుపు మీద నలుపు గీస్తే ఏం కనిపిస్తాది?"

"అయితే ఇంకొంచెం దిద్దు. మళ్ళీ పడలేదంటే కష్టం. ఇంకొంచెం కిందికి రా. ఇంకొంచెం!"

నేను దిద్దుతూ పోయాను. మామ ఇంకొంచెం అంటూ పోయాడు. భయం ఇద్దరిదీ, పెన్సిలు ఒక్కటే. మిగిలిన ఆ కాగితం ముక్క మీద అచ్చుతీసి, ఇద్దరం కళ్ళు మూసుకుని తెరిచాం.

పాదం వచ్చింది. ముక్కు మొదట్లో మొదలై, దూలం పొడవునా దిగి, ముక్కు కొస దాటితే మూతి మీద పడుతుందేమో అన్నట్టు ఆగింది. అంత పాదం మా వంశంలోనే కాదు, గుళ్ళో వాహనాల మీద కూడా చూడలేదు నేను. మామ ఏదో అనేలోపు, వెనకనుంచి తాత చెయ్యి వచ్చి ఫోటో అందుకుంది. పక్కనే పుత్తూరునుంచి వచ్చిన పిల్ల తండ్రి నిలబడి ఉన్నాడు. మా పనిలో పడి ఆయన వచ్చింది కూడా మేం వినలేదు.

తాత ఫోటోను దగ్గరగా, దూరంగా, మళ్ళీ దగ్గరగా పెట్టి చూశాడు. తను దిద్దింది ఇంత లేదని ఆయనకు తెలియదా? తెలుసు. ఒకసారి నా వైపు చూశాడు. నా వేళ్ళకు పెన్సిలు మసి ఉంది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. తాత గొంతు సవరించుకుని, "మా ఇంట్లో నామమంటే ఇట్లనే ఉంటాది స్వామీ" అని ఫోటో ఆయన చేతికిచ్చాడు. (అబద్ధమాడకూడదని నాకు నీతులు చెప్పిన మనిషే. ఆ పూట మాత్రం సంధ్యావందనం కాస్త ఎక్కువసేపు చేశాడు.)

జవాబు వచ్చేదాకా మామ మనిషి కాలేదు. బడికి నడిచి పోయి, నడిచి వచ్చేవాడు. దారిలో ఎవరి సైకిలు గంట మోగినా నా వైపు ఒక చూపు చూసేవాడు. వారానికి పుత్తూరునుంచి పిల్ల తండ్రే మళ్ళీ వచ్చాడు. గడప దాటకముందే చేతులు జోడించాడు.

"మా నాయనకు కండ్లనీళ్ళు తిరిగినాయి స్వామీ. ఈ కాలం పిల్లోళ్ళు దోమకాలంత నామం పెట్టుకుంటా ఉండారు, ముక్కు కొసదాకా పాదం దించిన పిల్లోడు యాడన్నా ఉండాడా, వీడు మనిషి గాదు, ఆళ్వారు అన్నాడు. ఆ ఫోటోను పెరుమాళ్ళ పక్కనే పెట్టుకున్నాడు. పెండ్లిచూపులకు రమ్మన్నాడు."

అవ్వ ఆనందంతో నా తల నిమిరింది. తాత నా వేళ్ళ వైపు ఒకసారి చూశాడు. మామ మాత్రం మెల్లగా నన్ను కొట్టంలోకి లాక్కుపోయి, "ఒరే, ఇప్పుడు నేను ఆ ఫోటోలో మాదిరే పోవాల గదరా?" అన్నాడు. అంతదాకా ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

పుత్తూరుకు పోయే రోజు తాతే దిద్దాడు. ఫోటో మా దగ్గర లేదు కనుక, నన్ను పక్కన నిలబెట్టుకుని, "యాడిదాకారా?" అని అడుగుతూ దిద్దాడు. "ఇంకొంచెం తాతా" అంటూ నేను ముక్కు కొసదాకా తీసుకుపోయాను. అంత సంతోషంగా నేను ఏ పనీ చేసి ఎరగను. రైల్లో జనం మామను చూసి దణ్ణాలు పెట్టారు. ఒక ముసలమ్మ అయితే కాళ్ళకు మొక్కి, అరటిపండు చేతిలో పెట్టింది. బడికి ఒంటిగీతతో పోయే మా మామ పరువు రేణిగుంట చేరేలోపే పోయింది.

పెద్దాయన పడకకుర్చీలో ఉన్నాడు. మామను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముందు ముక్కు, తర్వాత ఫోటో, మళ్ళీ ముక్కు చూశాడు. తల ఊపాడు. ఉప్మా పళ్ళెం వచ్చింది. అప్పటికి తిరుమణి ఎండి, పొలుసులు కట్టి, మామ ముక్కు కొస దగ్గర దురద మొదలైంది. గోకుదామంటే పెద్దాయన చూపు అక్కడే ఉంది. మామ కళ్ళు నీళ్ళతో నిండాయి. "సూడండి, భక్తి!" అన్నాడు పెద్దాయన. ఆ మాటకు మామ తుమ్మాడు. ఆ తుమ్ముకు ముక్కు మీది పాదంలో సగం ఎగిరి ఉప్మాలో పడింది.

గదిలో అందరి కళ్ళూ ఉప్మా పళ్ళెం మీదికి పోయాయి. తలుపు వెనకనుంచి ఒక నవ్వు వచ్చింది. ఆపుకోవాలని చూసి, ఆగక, పొంగిన పాలలాగా బయటికొచ్చిన నవ్వు. ఆ వెంటనే, "ఆ పళ్ళెం మార్చండి, ఆయన తిన్లేకుండా కూసోనుండాడు" అంది అదే రేణిగుంట గొంతు. పెద్దాయన ఒక్క నిమిషం అటు చూసి, ఇటు చూసి, తనూ నవ్వేశాడు. అట్లా అతికింది మా మామ పెళ్ళి, పుత్తూరులోనే.

కథ అక్కడ అయిపోయిందని నేనూ మామా అనుకున్నాం. కానీ పెళ్ళయిన కొన్నాళ్ళకు పెద్దాయన, కొండ కాళ్ళ దగ్గర బతుకు వెళ్ళదీస్తానని మా తిరుపతికే వచ్చి మకాం పెట్టాడు, మా ఇంట్లోనే. ఇక మామకు వీధి మలుపు లేదు, తడి చేతిరుమాలూ లేదు. పొద్దున్నే ముక్కు కొసదాకా పాదం, అదే మొహంతో బడికి. పిల్లలు చాటుగా ముక్కు పంతులనేవాళ్ళు. పెద్దాయన గట్టి మనిషి, చాలా ఏళ్ళు బతికాడు. మామ అప్పుడప్పుడు నన్ను పక్కకు పిలిచి, "ఆ పొద్దు పెన్సిలు కొంచెం ముందే ఆపుంటే నీ సొమ్మేం పోయేదిరా?" అనేవాడు. ఇంకొంచెం ఇంకొంచెం అన్నది తనేనని నేను గుర్తుచేసేవాణ్ణి.

పెద్దాయన పోయాక, కర్మలన్నీ అయ్యాక ఒకరోజు నేను వాళ్ళింటికి పోయాను. ఇక మామ విడుదలయ్యాడు, పాత షోకు ఒంటిగీతతో కనిపిస్తాడని ఎదురుచూశాను. వసారాలో కూర్చున్న మామ మొహం చూస్తే పాదం ముక్కు కొసకే ఉంది. "ఇంకా ఎందుకు మామా? అడిగేవాళ్ళెవరు?" అన్నాను. మామ వంటింటి వైపు తల తిప్పాడు. "మీ అత్త ఉండాది గదరా. పొద్దున అలవాటు తప్పి చిన్నగా పెట్టుకుంటే, ఎవురో పరాయి మనిషి ఇంట్లోకి వచ్చినట్టుండాది అనె" అన్నాడు. చెబుతూ సిగ్గుపడ్డాడు. యాభై దాటిన మా మామ సిగ్గుపడటం నేను చూడటం అదే మొదలు.

నేను తర్వాత చిత్తూరులో స్టూడియో పెట్టుకున్నాను. చాలా మంచి కెమెరాలు కొన్నాను, మహా ఖరీదైన లెన్సులతో వేలకొద్దీ మొహాలు తీశాను. అన్నీ మనిషి ఎట్లా ఉంటే అట్లానే చూపించాయి. ఫోటో ఎట్లా ఉంటే మనిషి అట్లా మారింది మాత్రం ఆ ఒక్కసారే. ఆ ఇత్తడి గొట్టం ఇంకా నా దగ్గరే ఉంది. లోపలికి మళ్ళీ నల్లరంగు పూయాలని ఎన్నోసార్లు డబ్బా తెరిచాను, మూసేశాను. అవ్వ తోమిన చేతిపని కదా, చెరపాలంటే మనసొప్పలేదు.

ఈమధ్య మామను చూడబోయినప్పుడు ఆ గొట్టాన్నే పాత కెమెరాకు బిగించి తీసుకుపోయాను. మామ చేతులు ఇప్పుడు వణుకుతాయి, నామం అత్తే దిద్దుతుంది. పెరట్లో ఎండలో స్టూలు వేశాం. అత్త తిరుమణి రంగరించి, ఆయన గడ్డం పట్టుకుని, నుదుటినుంచి ముక్కు కొసదాకా దిద్దుకొచ్చింది. దిద్దుతున్నంతసేపూ పెదాలు బిగించుకునే ఉంది కానీ కొసకు వచ్చేసరికి, ఆ రోజు తలుపు వెనక విన్న నవ్వే మళ్ళీ వచ్చేసింది. నేను నల్లగుడ్డ కింద దూరాను. నా కళ్ళు కూడా ముసలివైపోయాయి, మామ మసగ్గా, తలకిందులుగా కనిపించాడు. ఎండ ఆయన ముక్కు మీద పడుతోంది.

"ఒరే అల్లుడా, ఈసారన్నా పాదం పడతాదా?" అన్నాడు మామ.

"పడకపోతే పెన్సిలుంది గదా మామా" అన్నాను, గుడ్డ కిందనుంచి, ఎందుకో వెంటనే బయటికి రాలేక.